కొత్త రైఫిల్ ఇచ్చారు సరే, ఎన్ని తూటాలు కాల్చనిస్తారు?

సైన్యానికి కొత్త రైఫిల్ వస్తుందంటే చాలు, మన దగ్గర సందడే సందడి. 2019లో అమెరికా నుంచి సిగ్ 716 రైఫిళ్లు 72,400 కొంటున్నారన్నప్పుడు టీవీల్లో అదే ముచ్చట. 2021 డిసెంబరులో ఏకే-203 ఒప్పందం కుదిరి, ఉత్తరప్రదేశ్‌లోని కోర్వా ఫ్యాక్టరీలో ఆరు లక్షలకు పైగా తయారు చేస్తారన్నప్పుడూ అంతే. హన్మకొండ చౌరస్తాలో ఛాయ్ తాగుతున్న కుర్రాళ్లను అడిగి చూడండి. దాని బరువెంత, రేంజి ఎంత, మ్యాగజైన్‌లో ఎన్ని తూటాలు పడతాయి, అన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్తారు. ఆ రైఫిల్ చేతికొచ్చిన మామూలు సిపాయి ఏడాది మొత్తంలో ఎన్ని తూటాలు కాలుస్తాడని మాత్రం ఎవరూ అడగరు.

నాకు అన్నిటికంటే ముఖ్యం ఆ ప్రశ్నే. రైఫిళ్ల కొనుగోలుకు పెట్టే శ్రద్ధలో సగమైనా వాటితో కాల్చడం నేర్పడానికి పెడితే మన సిపాయిలు ఎక్కువ మంది ఇంటికి తిరిగొస్తారు. సిపాయిలంటే కమాండోలు కాదు, నేను చెప్తున్నది డ్రైవరు గురించి, వంటవాడి గురించి, స్టోర్‌కీపరు గురించి, నాలాంటి మెకానిక్ గురించి.

నేను ఈఎంఈలో, అంటే సైన్యంలో బండ్లు, ఆయుధాలు రిపేరు చేసే విభాగంలో వెహికల్ మెకానిక్‌ని. సర్వీసంతా ట్రక్కుల కింద, జీపుల కింద గడిచింది. సెలవుకొచ్చినప్పుడు ఊళ్లో పిల్లలు చుట్టూ మూగి "కాకా, ఎంతమందిని కాల్చినవ్?" అని అడిగేవాళ్లు. స్పానర్లతో ఎవర్ని కాలుస్తాం? కానీ బయటి జనానికి సైన్యమంటే తుపాకీ, తుపాకీ అంటే గురి తప్పనివాడు. నిజానికి సైన్యంలో పెద్ద భాగం పని వేరు. బండ్లు నడిపేవాళ్లు, రేషన్ మోసేవాళ్లు, వైర్‌లెస్ సెట్ల దగ్గర కూర్చునేవాళ్లు, మందుగుండు లెక్క రాసేవాళ్లు. మన తెలుగు పిల్లలు చాలామంది పోయేది కూడా ఇటువైపే. సికింద్రాబాద్‌లో ఈఎంఈ సెంటరు, ఏఓసీ (సరుకులు, మందుగుండు చూసే విభాగం) సెంటరు ఉన్నాయి, గోల్కొండలో ఆర్టిలరీ సెంటరు ఉంది. వీళ్లందరి పేరు మీదా కోత్‌లో, అంటే ఆయుధాలు దాచే గదిలో, ఒక రైఫిల్ ఉంటుంది, దానికొక నంబరు ఉంటుంది. అవసరం పడిన రోజున దాన్ని ఎలా వాడతారన్నదే అసలు సంగతి.

వెపన్ ట్రైనింగ్ అంటే ఏముంటుందో తెలియనివాళ్ల కోసం కొంచెం వివరంగా చెప్తాను. మొదట కోత్ నుంచి రైఫిల్ తీసుకోవడం, సంతకం, నంబరు చూసుకోవడం. తర్వాత ఉస్తాద్ (నేర్పేవాడు) ముందు అర్ధచంద్రాకారంలో కూర్చుని ఖోల్నా-జోడ్నా. అంటే రైఫిల్ విప్పడం, మళ్లీ బిగించడం. మొదట్లో కళ్లతో చూసి, తర్వాత చీకట్లో తడుముకుంటూ. పుల్‌త్రూ తాడుకు గుడ్డముక్క కట్టి బ్యారెల్ శుభ్రం చేయడం. ఆ తర్వాత తూటా లేకుండానే రోజుల తరబడి పడుకుని శిస్త్, అంటే గురి, తీసుకోవడం. వెనక సైటు, ముందు సైటు మొన, టార్గెట్, మూడూ ఒకే గీతలోకి రావాలి. చెప్పుకోవడానికి తేలికే. రెండు సైట్ల మధ్య దూరం అర మీటరు అనుకోండి. ముందు సైటు ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగితే వంద మీటర్ల దగ్గర తూటా ఇరవై సెంటీమీటర్లు పక్కకు పోతుంది. మూడు వందల మీటర్ల దగ్గర అరవై సెంటీమీటర్లు. మనిషి ఛాతీ వెడల్పు కంటే ఎక్కువ. గుండె కొట్టుకుంటేనే సైటు కదులుతుంది, మరి భయంతో ఊపిరి ఎగబోస్తే?

తూటాలు చేతికొచ్చాక మొదట చూసేది గ్రూపింగ్. అయిదు తూటాలూ దగ్గర దగ్గరగా పడ్డాయా లేదా అన్నదే లెక్క, మధ్యలో పడ్డాయా అన్నది కాదు. అన్నీ కలిసి ఒక మూలకు పడితే సంతోషమే, సైటు సవరించి మధ్యలోకి తెచ్చుకోవచ్చు. జీరోయింగ్ అంటే అదే. చెల్లాచెదురుగా పడితే మాత్రం ఏ సైటూ బాగుచెయ్యలేదు, తప్పు మనిషిలో ఉంది. ఆ తప్పు ఎక్కువగా ఒకటే. తుపాకీ పేలబోతుందని ఒంటికి ముందే తెలిసిపోయి, ట్రిగ్గర్ నొక్కే క్షణంలో భుజం బిగుసుకుంటుంది, కళ్లు మూసుకుపోతాయి. దీన్ని పట్టుకోవడానికి కొందరు ఉస్తాద్‌లు నిండుదో ఖాళీదో చెప్పకుండా రైఫిల్ చేతికిస్తారు. ట్రిగ్గర్ నొక్కితే టిక్కుమని ఊరుకుంటుంది, కానీ బ్యారెల్ మొన మాత్రం గబుక్కున కిందికి గుద్దుకుంటుంది. పక్కనున్నవాళ్లంతా నవ్వుతారు. తూటా లేకపోయినా తను అదిరిపడ్డాడని కాల్చినవాడికి అప్పుడు అర్థమవుతుంది. ఆ అదురు పోవాలంటే లెక్చర్లు పనికిరావు. తూటాలు కాలాలి. బోలెడన్ని కాలాలి.

ఇంకోటి ఫౌరీ ఇలాజ్. కాలుస్తూ కాలుస్తూ ఉండగా రైఫిల్ ఆగిపోతే క్షణాల్లో ఏం చెయ్యాలో ఆ పాఠం. మెకానిక్‌ని కాబట్టి నాకు ఇది మహా ఇష్టం. మ్యాగజైన్ సరిగ్గా కూర్చోలేదా, ఖాళీ ఖోకా (తూటా పేలాక మిగిలే గుల్ల) ఇరుక్కుందా, మురికి పట్టిందా. కార్గిల్ యుద్ధంలో మన దేశంలో తయారైన ఇన్సాస్ రైఫిల్ మ్యాగజైన్లు ఆ చలికి పగిలిపోయాయన్న ఫిర్యాదులు అందరూ విన్నవే. ఆయుధం ఎంత మంచిదైనా ఎక్కడో ఒకచోట మొరాయిస్తుంది. అప్పుడు చేతులు వాటంతటవే కదలాలి, ఆలోచించే టైం ఉండదు.

ఈ పనితనం ఒకసారి వస్తే జీవితాంతం ఉండిపోయేది కూడా కాదు. డప్పు కొట్టేవాడు ఆరు నెలలు డప్పు ముట్టకపోతే తొలి దరువుకే తెలిసిపోతుంది. ఫైరింగూ అంతే. అందుకే సైన్యంలో ఏటా ఏఆర్‌సీ ఫైరింగ్, అంటే గురి పరీక్ష, పెడతారు. మార్క్స్‌మన్, ఫస్ట్‌క్లాస్, స్టాండర్డ్ అని గ్రేడ్లు ఇస్తారు. పద్ధతి మంచిదే. కానీ నేను పనిచేసిన ఒక యూనిట్‌లో ఆ రోజు ఎలా గడిచేదో చెప్తాను. రేంజి దొరకడమే కష్టం, పెద్ద యూనిట్లన్నీ అయ్యాక మా వంతు. తెల్లవారుజామున బండెక్కి పోతాం. కొందరు బట్స్‌లో, అంటే టార్గెట్ల కింద ఉండే గుంతలో, దిగి టార్గెట్లు ఎత్తుతారు, మిగతావాళ్లు డిటెయిల్ తర్వాత డిటెయిల్, అంటే జట్టు తర్వాత జట్టు, పడుకుని కాలుస్తారు. మధ్యాహ్నానికల్లా ముగించాలి, ఎందుకంటే వర్క్‌షాపులో బండ్లు లైను కట్టి ఉన్నాయి. చివర్లో అందరం వంగి ఖాళీ ఖోకాలు ఏరి లెక్క అప్పజెప్పేవాళ్లం. ఖోకా ఒక్కటి తగ్గినా సాయంత్రం దాకా వెతుకులాటే. ఎవడు ఎంత దరిద్రంగా కాల్చాడన్నదానికి మాత్రం అంత వెతుకులాట ఉండేది కాదు. గ్రేడు రిజిస్టరులో పడేది, రైఫిల్ కోత్‌లోకి పోయేది, మళ్లీ ఏడాది దాకా దానితో మాకు పని గార్డు డ్యూటీలోనే.

"మెకానిక్‌కి ఇంతకంటే ఎందుకు?" అనేవాళ్లున్నారు. యూనిఫాం వేసుకున్నవాళ్లలోనే ఎక్కువ మంది అంటారు. వాళ్లకు నేను చెప్పేది మన దేశపు కథ కాదు, అమెరికన్లది. 2003 మార్చి 23న ఇరాక్‌లో 507వ మెయింటెనెన్స్ కంపెనీ అనే ఒక బండ్ల రిపేరు యూనిట్ కాన్వాయ్‌గా పోతూ దారి తప్పి నాసిరియా పట్టణంలోకి దూరింది. అచ్చం మాలాంటివాళ్లే, మెకానిక్‌లు, వంటవాళ్లు, సప్లై క్లర్కులు. ఆ కాన్వాయ్‌లో 33 మంది ఉంటే 11 మంది చనిపోయారు, కొందరు బందీలయ్యారు. తర్వాత ఆ సైన్యమే చేసిన విచారణలో చాలామంది ఆయుధాలు ఆ సమయంలో సరిగ్గా పేలలేదని తేలింది. ఆ ఎడారి దుమ్ములో వాటిని సరిగ్గా శుభ్రం చేసుకోకపోవడమే కారణం కావచ్చని రాశారు. ప్రపంచంలో అందరికంటే ఎక్కువ డబ్బున్న సైన్యం అది. దాని మెకానిక్ చేతిలో రైఫిల్ పనిచెయ్యలేదు. ఆ తర్వాతే అక్కడ "ముందు ప్రతి సిపాయీ రైఫిల్‌మన్, ఆ తర్వాతే వాడి ట్రేడు" అన్న మాటకు మళ్లీ విలువ వచ్చింది, సప్లై వాళ్లకూ కాన్వాయ్ మీద దాడి జరిగితే ఎలా కాల్చాలో నేర్పడం మొదలైంది.

మన దగ్గర 2016 సెప్టెంబరు 18న కశ్మీర్‌లోని ఉరి ఆర్మీ క్యాంపు మీద జరిగిన దాడిలో 19 మంది పోయారు. చాలామంది టెంట్లకు నిప్పంటుకుని పోయారు. ఎంత గురి ఉన్నా కాలిపోతున్న టెంటులో ఏం చేస్తాం, కాబట్టి దాన్ని నా వాదనకు సాక్ష్యంగా తేను. కానీ వెనక ఉన్న క్యాంపులన్నీ భద్రమే అనుకునే రోజులు పోయాయని మాత్రం ఉరి చెప్పింది, తర్వాత జమ్మూ దగ్గరి నగ్రోటా క్యాంపు చెప్పింది.

ఇక ఆయుధం గొప్పదైతే చాలు అనేవాళ్ల కోసం త్రీ నాట్ త్రీ కథ. వరంగల్‌లో నా వయసువాళ్లందరికీ ఆ రైఫిల్ తెలుసు. పోలీస్ స్టేషన్ గేటు దగ్గర కానిస్టేబుల్ భుజాన వేలాడుతూ ఉండేది. ఒక్కో తూటాకీ బోల్టు వెనక్కి లాగి ముందుకు తొయ్యాలి. దాని మీద ఎన్ని జోకులో. సరిగ్గా ఆ కుటుంబపు రైఫిల్‌తోనే 1914కు ముందు బ్రిటిష్ సిపాయి ఒక్క నిమిషంలో 300 గజాల దూరంలోని టార్గెట్ మీద 15 తూటాలు గురిచూసి కాల్చాలి. ఎవరో ఛాంపియన్ కాదు, మామూలు జీతగాడు సిపాయి. ఆ కఠినమైన లెక్క ఎందుకొచ్చిందంటే అంతకు ముందు 1899 నుంచి 1902 దాకా దక్షిణాఫ్రికాలో బోయర్ రైతుల చేతిలో వాళ్లు బాగా దెబ్బ తిన్నారు. పొలాల్లో, అడవుల్లో వేటాడి చెయ్యి తిరిగిన రైతులు దూరం నుంచి ఒక్కొక్కర్నీ ఏరి కొట్టారు. తిరిగొచ్చాక ఆ సైన్యం ఫైరింగ్ శిక్షణను మొదటి నుంచీ మార్చుకుంది. మెషిన్‌గన్‌లు ఎక్కువ కావాలని అడిగితే ఖర్చు ఎక్కువని సర్కారు ఇవ్వలేదు, దాంతో ఉన్న రైఫిల్‌తోనే వేగంగా కాల్చడం నేర్పారు. పిసినారితనం నుంచి పుట్టిన మంచి పని అది.

అదే త్రీ నాట్ త్రీ 1962లో చైనాతో యుద్ధంలో మన సిపాయిల చేతిలోనూ ఉంది. లద్దాఖ్‌లోని రెజాంగ్ లాలో 13 కుమావ్ కంపెనీలో 114 మంది దానితోనే చివరి దాకా కాల్చి ప్రాణాలిచ్చారు. ఆ యుద్ధం ఓడిపోవడానికి కారణాలు వేరు. చలి బట్టలు లేవు, రోడ్లు లేవు, ఢిల్లీ నిర్ణయాలు సరిగా లేవు. పాత రైఫిల్ మంచిదని నేను అనడం లేదు. 1962 తర్వాత ప్రతిసారీ బోల్టు లాగక్కర్లేని ఎస్ఎల్ఆర్ రావాల్సిందే, ఇప్పుడు ఇన్సాస్ పోవాల్సిందే. రైఫిల్ మార్చడం బడ్జెట్‌లో ఒక పద్దు, ఒక సంతకంతో అయిపోతుంది. కాల్చేవాడిని తయారు చెయ్యడం ఏటేటా పెట్టాల్సిన ఖర్చు, అది ఎవరికీ కనిపించదు, రిబ్బన్ కట్ చెయ్యడానికి అక్కడ ఏమీ ఉండదు.

ఈ విషయంలో అబ్దుల్ హమీద్ పేరు తలుచుకోకుండా ఉండలేను. 4 గ్రెనేడియర్స్‌లో హవల్దార్. దర్జీ కుటుంబం నుంచి వచ్చినవాడు. జీపు మీద బిగించిన, ట్యాంకులను కొట్టే 106 ఎంఎం రీకాయిల్‌లెస్ గన్ కాల్చడంలో బెటాలియన్‌లో ఆయనను మించినవాడు లేడని పేరు. హవల్దార్ అయ్యాక ఆయనకు అప్పజెప్పింది క్వార్టర్‌మాస్టర్ పని, అంటే సరుకుల లెక్కలు. 1965లో యుద్ధం రాగానే ఆ గన్‌ల దగ్గరికి మళ్లీ ఆయన్నే పిలవాల్సి వచ్చింది. అసల్ ఉత్తర్ దగ్గర చెరకు తోటల చాటున జీపు దాచి ప్యాటన్ ట్యాంకులను ఒకదాని వెనక ఒకటి కొట్టి ప్రాణం విడిచాడు, పరమవీర చక్ర వచ్చింది. ఆయన ధైర్యం గురించి బడి పుస్తకాల్లో ఉంటుంది. ధైర్యం ఒక్కటే అయితే మొదటి గుండు తప్పేది, ట్యాంకు రెండో అవకాశం ఇచ్చేది కాదు. సరుకుల లెక్కలు రాస్తున్నవాడి చేతిలో ఆ గురి ఇంకా మిగిలి ఉండటమే నా దృష్టిలో గొప్ప విషయం.

కార్గిల్‌లో రైఫిల్‌మన్ సంజయ్ కుమార్‌ది ఇంకో పాఠం. 1999 జులై 4న పాయింట్ 4875 దగ్గర ఒంటి నిండా గాయాలతో శత్రువు బంకరు మీద పడ్డాడు. వాళ్లు వదిలేసి పారిపోతున్న మెషిన్‌గన్‌ను అందుకుని దాన్ని వాళ్ల మీదకే తిప్పి కాల్చాడు. తన రైఫిల్ ఒక్కటే తెలిసినవాడు ఆ క్షణంలో ఆ గన్ ముందు తికమక పడేవాడు. అందుకే నేనంటాను, స్టోర్‌కీపరుకైనా సరే తన రైఫిల్‌తో పాటు ఎల్ఎంజీ (తేలికపాటి మెషిన్‌గన్) మీద చెయ్యి పడాలి, గ్రెనేడ్ నిజంగా విసిరి చూడాలి.

మనకు దగ్గర ఉదాహరణ కూడా ఉంది. మామూలు పోలీసు శిక్షణతో అడవిలో పని కాదని 1989లో పోలీసు అధికారి కె.ఎస్. వ్యాస్ నక్సలైట్లను ఎదుర్కొనే గ్రేహౌండ్స్ దళాన్ని మొదలుపెట్టారు. అందులోకి వెళ్లిన కుర్రాళ్లు మామూలు పోలీసు కుర్రాళ్లు వచ్చిన ఊళ్ల నుంచే వచ్చారు, తేడా శిక్షణలోనే. ఆ తుపాకులు ఎవరి మీద పేలాయి, ఎన్ని ఎన్‌కౌంటర్లు నిజమైనవి అన్నది వేరే పెద్ద చర్చ. వరంగల్‌లో పుట్టినవాడెవడూ దాన్ని తేలిగ్గా తీసుకోలేడు, నేనూ తీసుకోను. శిక్షణ మనిషిని ఎంత మార్చేస్తుందో మనం కళ్లారా చూశామని చెప్పడానికి మాత్రమే ఆ పేరు ఎత్తాను.

ఇప్పుడు అగ్నివీరుల సంగతికొద్దాం. 2022 జూన్ 14న అగ్నిపథ్ పథకం ప్రకటించారు, మూడు రోజుల్లో సికింద్రాబాద్ స్టేషన్ తగలబడింది. పోలీసు కాల్పుల్లో చనిపోయిన కుర్రాడు మన వరంగల్ జిల్లావాడు. ఆ పథకం మీద నా అభిప్రాయం మంచిది కాదు, కానీ ఈ వ్యాసం దాని గురించి కాదు. నాలుగేళ్ల సర్వీసు, అందులో శిక్షణ ఆరు నెలల చుట్టూ, ఆ తర్వాత నలుగురిలో ఒకర్ని ఉంచుకుంటారు. పాత పద్ధతిలో సెంటర్లో సరిగ్గా రానిది యూనిట్‌లో ఏళ్ల తరబడి సీనియర్ల పక్కన నేర్చుకునేవాళ్లం. ఇప్పుడు ఆ ఏళ్లు లేవు. కాబట్టి ఉన్న నెలల్లోనే ఎక్కువ తూటాలు, యూనిట్‌కు వచ్చాక ఇంకా ఎక్కువ తూటాలు ఇవ్వాలి. టైం తగ్గించి తూటాలూ పాత లెక్కనే ఇస్తామంటే ఎట్లా?

ఇటు మన కోచింగ్ సెంటర్లు. పొద్దున అయిదింటికి ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌కో, జేఎన్ఎస్ స్టేడియానికో వెళ్లి చూడండి, పరకాల నుంచి, నర్సంపేట నుంచి, ములుగు నుంచి వచ్చి రూముల్లో ఉంటున్న పిల్లలు పరుగెత్తుతూ ఉంటారు. 1.6 కిలోమీటర్లు అయిదున్నర నిమిషాల్లో పరుగెత్తితే 60 మార్కులు, పది పుల్‌అప్‌లకు 40. అంతా దాని కోసమే. తప్పేం లేదు, భర్తీ పరీక్ష అదే అడుగుతుంది. కానీ ఎంపికయ్యాక ఏం ఉంటుందో వాళ్లకు ఒక్క మాట చెప్పేవాడు ఉండడు. ఒక కుర్రాడిని అడిగాను, "తమ్మీ, సెంటర్లో వెపన్ క్లాసు ఏ భాషలో చెప్తారో తెలుసా?" అని. "ఇంగ్లిష్ కదా సార్" అన్నాడు. హిందీలో చెప్తారు. ఉస్తాద్ గబగబా చెప్పుకుంటూ పోతాడు, మనవాళ్లు అర్థం కాకపోయినా "జీ ఉస్తాద్" అంటారు, ఎందుకంటే అర్థం కాలేదంటే రగడా, అంటే శిక్షగా ఒళ్లు విరిచే కసరత్తు. బస్టాండ్ ఉర్దూ వచ్చిన వరంగల్ పిల్లలు ఎట్లాగో నెట్టుకొస్తారు, పల్లె నుంచి వచ్చిన పిల్లలు పక్కవాడిని చూసి చేస్తారు. చూసి చెయ్యడం పరేడ్‌లో నడుస్తుంది. నిండు రైఫిల్‌తో నడవదు.

"ఇంతమందికి తుపాకీ నేర్పి నాలుగేళ్లకు ఊళ్ల మీదకు వదిలేస్తే?" అని భయపడేవాళ్లు మన దగ్గర చాలామందే ఉన్నారు. ఆ భయాన్ని నేను కొట్టిపారెయ్యను, ఇక్కడి చరిత్ర అలాంటిది. సాయుధ పోరాటం రోజుల్లో బర్మార్లు (నాటు తుపాకులు), వడిసెలలు పట్టిన ఊళ్లు ఇవి. కానీ బాగా శిక్షణ పొందినవాడి చేతులు చూడండి. ఖాళీ రైఫిల్ ఇచ్చినా ముందు బోల్టు లాగి చాంబర్ చూస్తాడు, మొన మనిషి వైపు తిప్పడు, వేలు ట్రిగ్గర్ మీదకు పోదు. ఊళ్లో ఉద్యోగం లేక తిరిగే మాజీ అగ్నివీరుడి సమస్య నిజమైనదే, దానికి మందు ఉద్యోగం. శిక్షణ తగ్గించడం మందు కాదు.

అసలు ఆయుధ శిక్షణలో సగం కాల్చకుండా ఉండటం నేర్పడమే. 2020 జూన్ 15న లద్దాఖ్‌లోని గల్వాన్‌లో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్ బాబుతో సహా 20 మంది చనిపోయారు. సరిహద్దు రేఖ దగ్గర కాల్పులు జరపకూడదన్న పాత ఒప్పందాలున్నాయి కాబట్టి ఆ రాత్రి రాళ్లు, ఇనుప కడ్డీలతో పోట్లాట జరిగింది, ఒక్క తూటా పేలలేదు. అది సరైన నియమమా కాదా అని ఎవరైనా వాదించుకోవచ్చు. తోటివాళ్లు కళ్లముందు పడిపోతుంటే తుపాకీ పేల్చకుండా ఉన్న మనుషుల నిగ్రహం ఎంతటిదో ఒక్కసారి ఊహించుకోండి. దీనికి పూర్తిగా ఎదురు దిక్కున 2021 డిసెంబరు 4న నాగాలాండ్‌లోని ఓటింగ్ అనే ఊరి ఘటన ఉంది. బొగ్గు గని నుంచి ట్రక్కులో ఇంటికి పోతున్న కూలీలను మిలిటెంట్లనుకుని కాల్చారు, ఆరుగురు అక్కడికక్కడే పోయారు. కాల్చినవాళ్లు స్పెషల్ ఫోర్సెస్, గురిలో వాళ్లకు లోటేం లేదు. భూపాలపల్లిలో, గోదావరిఖనిలో షిఫ్టు దిగి ఇంటికొచ్చే మనవాళ్లను తలుచుకుంటే ఆ వార్త ఇంకోలా వినిపిస్తుంది. ఎవరిని కాలుస్తున్నావో తేల్చుకోవడం కూడా పాఠమే, దానికీ సాధన కావాలి.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఎస్.ఎల్.ఎ. మార్షల్ అనే అమెరికన్, పోరులో నలుగురిలో ఒక్కడికి మించి కాల్చడం లేదని రాశాడు. ఆ లెక్కలు ఎక్కడి నుంచి తెచ్చాడో తేలలేదని తర్వాతి చరిత్రకారులు తప్పు పట్టారు. అయినా ఆ తర్వాత అక్కడ గుండ్రటి చుక్కల టార్గెట్ల స్థానంలో హఠాత్తుగా లేచి పడిపోయే మనిషి బొమ్మలు వచ్చాయి. పనిచేసిందనే చెప్తారు. ఆలోచించకుండా కాల్చడం అంత బాగా నేర్పగలిగినప్పుడు, చూసి ఆగడం కూడా అంతే బాగా నేర్పాలి కదా. బొమ్మల్లో కొన్ని తుపాకీ పట్టినవి, కొన్ని చంటిబిడ్డను ఎత్తుకున్నవి కలిపి పెట్టాలి. మామూలు యూనిట్ల ఏడాది ఫైరింగ్‌లో నాకు అది ఎక్కడా కనిపించలేదు.

డబ్బు దగ్గరికి వస్తే, 2017లో కాగ్ (సర్కారు లెక్కలు తనిఖీ చేసే సంస్థ) నివేదిక చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. మందుగుండు రకాల్లో దాదాపు 40 శాతం పది రోజుల యుద్ధానికి కూడా చాలవని తేల్చింది. తర్వాత కొనుగోళ్లు పెరిగాయంటున్నారు, మంచిదే. నిల్వ తక్కువైనప్పుడు ముందు కోత పడేది శిక్షణకే, ఏ స్టోర్‌కీపరును అడిగినా చెప్తాడు. రేంజిలకు భూమి కూడా సమస్యే, ఊళ్లు పెరిగి రేంజి గోడల దాకా వచ్చేశాయి. ఇందుకు సిమ్యులేటర్లు కొంత సాయం చేస్తాయి. మన హైదరాబాద్‌లో 1993లో మొదలైన జెన్ టెక్నాలజీస్ అవి తయారుచేసే పనిలోనే ఉంది. తెర మీద బొమ్మ, చేతిలో నిజం రైఫిల్ లాంటిది, ట్రిగ్గర్ నొక్కే ముందు మొన ఎటు వణికిందో కంప్యూటరు గీత గీసి చూపిస్తుంది. శిస్త్ నేర్పడానికి అంతకంటే మంచి ఉస్తాద్ లేడు. రోజూ వాడినా తూటా ఖర్చు లేదు. కానీ భుజానికి ఆ దెబ్బ, చెవిలో ఆ హోరు, ముక్కుకు ఆ మందు వాసన తెర ఇవ్వలేదు. సిమ్యులేటరులో మార్క్స్‌మన్ అయినవాడు నిజం తూటాకు కళ్లు మూసుకోవచ్చు. దాన్ని తూటాలకు ముందు వాడాలి, తూటాలకు బదులుగా వాడితే మాత్రం రిజిస్టరు నిండుతుంది, అంతే.

డ్రోన్ల కాలంలో ఇంకా రైఫిలేంటి అనేవాళ్లకు ఒకే మాట. ఉక్రెయిన్‌లో ఆకాశం నిండా డ్రోన్లున్నా కింద కందకాల్లో రైఫిళ్లతో మనుషులు ఇంకా ఉన్నారు. పైనుంచి వచ్చే చిన్న డ్రోన్‌ను చివరికి రైఫిల్‌తోనో షాట్‌గన్‌తోనో కొట్టాల్సి వస్తోంది. ఎగిరేదాన్ని కొట్టడం నిలబడ్డ బొమ్మను కొట్టడం కంటే ఎన్నో రెట్లు కష్టం. కాబట్టి తూటాలు ఇంకా ఎక్కువే కావాలి.

పాలసీలు మనం రాయలేం. భర్తీ కోసం పరుగెత్తుతున్న పిల్లలకు నేను చెప్పేవి మాత్రం ఇవి. డిగ్రీలో ఉంటే ఎన్‌సీసీలో చేరండి. పాయింట్ టూ టూ రైఫిల్‌తో తూటా అంటే ఏమిటో అక్కడే తెలుస్తుంది, సి సర్టిఫికెట్‌కు భర్తీలో అదనపు మార్కులు కూడా ఉన్నాయి. రోజూ ఓ పది హిందీ వాక్యాలు, కమాండ్ల యాసలో, పైకి చదవండి. మీ ఏ కన్ను బలమైందో ఇప్పుడే చూసుకోండి. రెండు చేతులూ చాపి, బొటనవేళ్ల మధ్య చిన్న సందు చేసి, అందులోంచి దూరంగా ఉన్న కరెంటు స్తంభాన్ని రెండు కళ్లతో చూడండి. ఒక్కో కన్ను మూసి చూస్తే ఏ కన్ను తెరిచినప్పుడు స్తంభం సందులోనే ఉంటుందో అదే మీ గురి కన్ను. కుడిచేతి వాటం ఉండి ఎడమ కన్ను బలమైనవాళ్లు ఉంటారు, వాళ్లు ఈ సంగతి సెంటరుకు వెళ్లిన మొదటి వెపన్ క్లాసులోనే ఉస్తాద్‌కు చెప్పాలి. చెప్పకపోతే గ్రూపింగ్ ఎందుకు రావట్లేదో ఇద్దరికీ అర్థం కాకుండానే ఆరు నెలలు గడిచిపోతాయి.